పాత నక్షత్ర పటం కొనేటప్పుడు రంగును చివర చూడండి

నేను డబ్బు పెట్టి కొన్న మొదటి నక్షత్ర పటం నిజంగా నక్షత్ర పటమే. పాతది మాత్రం కాదు. మంచి చెక్క ఫ్రేము, బంగారు రంగు సింహం, దాని చుట్టూ లేత నీలం ఆకాశం. అమ్మిన పెద్దమనిషి అది పదిహేడో శతాబ్దపు ఆమ్‌స్టర్‌డామ్ సరుకని చెప్పాడు, నేను నమ్మాను. ఇంటికి వచ్చాక స్టాంపులు చూసుకునే భూతద్దం పెట్టి చూస్తే సింహం జూలు నిండా ఎరుపు, పసుపు, నీలం చుక్కలు బారులు తీరి ఉన్నాయి. గోడ క్యాలెండరు మీద వేంకటేశ్వరస్వామి బొమ్మను దగ్గర నుంచి చూస్తే కనిపించే చుక్కలే అవి. మూడు వందల ఏళ్ల నాటి రాగిరేకు అచ్చులో అలాంటి చుక్కలు ఉండే అవకాశమే లేదు.

తప్పు అతనిది కొంత, నాది చాలా. నేను చూసింది రంగును. చేతితో రంగులద్దిన పటంలో అందరికంటే ముందు పలకరించేది రంగే, అందరికంటే ఎక్కువ అబద్ధాలాడేదీ రంగే. కింద చెప్పే వరస ఆ దెబ్బ తర్వాత అలవాటు చేసుకున్నది. ముందు గీత, తర్వాత కాగితం, ఆ తర్వాత పటం మీది అక్షరాలు, ఆకాశం, అన్నీ అయ్యాక రంగు.

కొనే ముందు: నలుగురైదుగురిని గుర్తుపట్టడం నేర్చుకోండి

ఊరికే బజారుకు వెళితే అన్నీ ఒకేలా కనిపిస్తాయి. ఒక నెల పాటు పైసా ఖర్చు లేకుండా అసలు పటాలను తెర మీద చూడండి. అమెరికాలో కాన్సస్ సిటీలోని లిండా హాల్ లైబ్రరీ, వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, డేవిడ్ రమ్సీ పటాల సేకరణ పెద్ద పెద్ద ప్రతిబింబాలను ఉచితంగా చూపిస్తాయి. బాగా దగ్గరికి జరిపి, ఒక్కో నక్షత్రం చుట్టూ గీతలు ఎలా చెక్కారో చూడండి. కొన్నాళ్లకు, దూరం నుంచి నడక చూసి మనిషిని పోల్చుకున్నట్టు పటాన్నీ పోల్చుకోగలుగుతారు.

ముందుగా పరిచయం చేసుకోవలసినవాడు యోహాన్ బాయర్. వృత్తికి న్యాయవాది, ఊరు జర్మనీలోని ఆగ్స్‌బర్గ్. 1603లో ఆయన తెచ్చిన ‘యురానోమెట్రియా’లో 51 పటాలున్నాయి. పాతకాలం నుంచి వస్తున్న 48 తారామండలాలకు తలా ఒకటి, దక్షిణాకాశంలో అప్పుడప్పుడే తెలిసిన 12 కొత్త మండలాలన్నింటికీ కలిపి ఒకటి, రెండు అర్ధగోళాలు. రాగిరేకుల మీద చెక్కింది అలెగ్జాండర్ మైర్. నక్షత్రాలకు ఆల్ఫా, బీటా అని గ్రీకు అక్షరాలతో పేర్లు పెట్టే పద్ధతి ఈ పుస్తకంతోనే స్థిరపడింది. బాయర్ పటాలకు రంగు వేయడం అరుదు. రంగులతో మెరిసిపోయే బాయర్ పటం ఎవరైనా చూపిస్తే సంతోషించే ముందు కాస్త అనుమానించండి.

ఆండ్రియాస్ సెలేరియస్ అందుకు పూర్తిగా విరుద్ధం. నెదర్లాండ్స్‌లోని హోర్న్ పట్టణంలో లాటిన్ పాఠశాలకు పెద్ద. ఆయన ‘హార్మోనియా మాక్రోకోస్మికా’ 1660లో ఆమ్‌స్టర్‌డామ్‌లో యాన్సోనియస్ ముద్రణాలయం నుంచి వచ్చింది. రెండు పుటల వెడల్పున 29 పటాలు. మూలల్లో మబ్బుల మీద దేవదూతలు, అంచుల్లో వాదించుకుంటున్న పండితులు. శాస్త్రం సంగతి ఎలా ఉన్నా, గోడకు తగిలించుకోవడానికి ఇంతకు మించినది ఎవరూ చేయలేదు. అందుకే నకళ్లు కూడా దీనికే ఎక్కువ. నేను మోసపోయిందీ దీని నకలుతోనే.

యోహానెస్ హెవేలియస్ గ్దాన్‌స్క్ పట్టణంలో మద్యం కాచే కుటుంబంలో పుట్టాడు. టెలిస్కోపు చేతిలో ఉన్నా, నక్షత్రాల స్థానాలను మాత్రం ఉత్తి కళ్లతోనే కొలుస్తానని పట్టుపట్టాడు. ఆయన 1687లో పోయాడు. 1690లో పటాల పుస్తకాన్ని లోకానికి అందించింది భార్య ఎలిజబెత్. ఆవిడ ఆయన పక్కన నిలబడి ఆకాశాన్ని కొలిచిన మనిషి. లింక్స్ (అడవిపిల్లి), లాసర్టా (బల్లి), పోలండ్ రాజు సోబియస్కీ పేరిట డాలు వంటి ఏడు మండలాలు ఈ పుస్తకం నుంచే నేటి జాబితాలోకి వచ్చాయి.

తర్వాతివాళ్లను త్వరగా చెప్పేస్తాను. లండన్‌లో ఖగోళశాస్త్రవేత్త ఫ్లామ్‌స్టీడ్ పటాలు ఆయన పోయిన పదేళ్లకు, 1729లో వచ్చాయి. న్యూరెంబర్గ్‌లో డోపెల్‌మేయర్ పటాలను హోమన్ వారసులు 1742లో పుస్తకంగా వేశారు. బెర్లిన్‌లో బోడె 1801లో 20 పెద్ద పటాల్లో 17,000కు పైగా నక్షత్రాలను చూపించాడు. లండన్‌లో 1824లో ‘యురేనియాస్ మిర్రర్’ అనే కార్డుల పెట్టె వచ్చింది. దాని గురించి తీరిగ్గా తర్వాత మాట్లాడుకుందాం.

గీతను చూడండి

పటం ఫ్రేములో ఉంటే బయటకు తీయించండి. తీయనంటే కొనకండి. ఇందులో మొహమాటానికి చోటు లేదు. గాజు కింద ఉన్న కాగితం గురించి ఎవరూ ఏమీ చెప్పలేరు.

పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం చాలు. రాగిరేకు మీద చెక్కేవాడు బ్యూరిన్ అనే సన్నటి ఉలిని అరచేత్తో ముందుకు తోస్తాడు. ఉలి లోహంలోకి దిగేటప్పుడు గీత సన్నగా మొదలై, లోతు పెరిగేకొద్దీ లావై, బయటకు వచ్చేటప్పుడు మళ్లీ సూదిమొనలా ముగుస్తుంది. సింహం వీపు మీది వెంట్రుకలు చూడండి, ప్రతిదీ వరిగింజలా రెండు కొసల్లోనూ సన్నబడాలి. ఆ చాళ్లలో సిరా నింపి, రేకు పైభాగాన్ని తుడిచి, తడి కాగితం పరిచి రెండు రోలర్ల మధ్య గట్టిగా లాగుతారు. కాగితం చాళ్లలోకి దిగి సిరాను పైకి తెస్తుంది. అందుకే సిరా కాగితంలో ఇంకినట్టు కాకుండా దాని మీద సన్నగా ఉబ్బి నిలుస్తుంది. పక్క నుంచి దీపం పెట్టి చూస్తే తెలుస్తుంది.

ఆ ఒత్తిడికే రేకు అంచు కూడా కాగితం మీద నాలుగు వైపులా పల్లంగా దిగబడుతుంది. బొమ్మ చుట్టూ ఒకటి రెండు సెంటీమీటర్ల దూరంలో వేలితో తడిమితే గట్టు తగులుతుంది. దాన్ని ప్లేటు గుర్తు అంటారు. మూలలు కాస్త గుండ్రంగా, అంచుల వెంట అక్కడక్కడ సిరా మసక మిగిలి ఉంటే మంచిదే. గట్టు లేకపోతే నకిలీ అని వెంటనే తేల్చేయకండి, పాతకాలంలో బైండింగు చేసేవాళ్లు అంచులు కోసేసి ఉండవచ్చు. గట్టు ఉన్నంత మాత్రాన అసలుదీ కాదు, దాన్ని విడిగా నొక్కి పుట్టించవచ్చు. గీత, గట్టు, రెండూ ఒకే మాట చెప్పాలి.

రంగు చుక్కల జాలం కనిపిస్తే మాత్రం ఇక చర్చ లేదు. ఫ్రేము నచ్చితే ఫ్రేము ధర ఇచ్చి తెచ్చుకోండి.

ఒక మినహాయింపు. జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ 1515లో న్యూరెంబర్గ్‌లో వేసిన రెండు అర్ధగోళాల పటాలు చెక్క అచ్చులు. అందులో గీత దిమ్మ మీద పైకి నిలిచి ఉంటుంది కాబట్టి ప్లేటు గుర్తు ఉండదు, గీత మొరటుగా ఉంటుంది. వాటిని ఈ పరీక్షతో కొలవకూడదు.

కాగితాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకోండి

పటాన్ని కిటికీకి ఎదురుగా, రెండు చేతులతో, మధ్యలో వంగకుండా పట్టుకోండి. పాత కాగితాన్ని తీగల జల్లెడ మీద గుజ్జు పోసి చేసేవారు. ఆ తీగల ముద్ర కాగితంలో ఉండిపోతుంది. ఒక దిక్కుగా దగ్గర దగ్గరగా సన్నటి గీతలు, వాటికి అడ్డంగా రెండు రెండున్నర సెంటీమీటర్లకు ఒకటి చొప్పున కాస్త స్పష్టమైన గీతలు. దీన్ని లేడ్ కాగితం అంటారు. నేత చీరలో పడుగు పేకల్లాగా అనుకోండి. కొన్ని తావుల్లో మిల్లువాడి వాటర్‌మార్క్ కూడా కనిపిస్తుంది.

గీతలేమీ లేకుండా నున్నగా, సమంగా ఉంటే అది వోవ్ కాగితం. ఇంగ్లండులో వాట్‌మన్ మిల్లు ఆ కాగితాన్ని 1750ల్లో తెచ్చింది. కాబట్టి 1660 నాటి సెలేరియస్ అని చెప్పిన పటం వోవ్ కాగితం మీద ఉంటే, అది ఆ కాలంలో అచ్చయినది కాదు. 1801 నాటి బోడె, 1820ల నాటి ఆంగ్లేయ పటాల విషయంలో ఈ తర్కం పనికిరాదు.

నోట్లు పరీక్షించే ఊదారంగు టార్చి ఇప్పుడు ప్రతి కొట్టులోనూ ఉంటోంది. చీకట్లో దానితో కాగితం మీద వెలుతురు వేయండి. కాగితం తళతళమని నీలం తెలుపులో వెలిగితే అందులో తెల్లదనం కోసం కలిపే ఆధునిక రసాయనం ఉన్నట్టు. ఇరవయ్యో శతాబ్దపు మధ్యకాలానికి ముందు కాగితంలో అది కలపలేదు. పాత కాగితం మొద్దుబారినట్టు, కాస్త పసుపు గోధుమ ఛాయలో ఉంటుంది.

కొలతా తీసుకోండి. సెలేరియస్ పటం ప్లేటు గుర్తు నుంచి ప్లేటు గుర్తు వరకు సుమారు 43 × 51 సెంటీమీటర్లు ఉంటుంది. నకళ్లు వేసేవాళ్లు సాధారణంగా తమ ఫ్రేములకు సరిపడేలా తగ్గిస్తారు. రెండు పుటల వెడల్పు పటాలకు మధ్యలో నిలువు మడత ఉండి తీరాలి. పుస్తకంలో కుట్టినవి కాబట్టి ఆ మడత వెనుక అంటించిన కాగితపు పట్టీ గానీ, దాని ఆనవాలు గానీ ఉంటుంది. మడతే లేని సెలేరియస్‌ను చూస్తే నాకు తాళి లేని పెళ్లి ఫొటో గుర్తొస్తుంది.

అంచుల్లో ఉన్న చిన్న అక్షరాలు చదవండి

పటం చేసినవారు ఒక్కరు కాదు. లెక్క కట్టినవాడు, బొమ్మ గీసినవాడు, రాగి మీద చెక్కినవాడు, అచ్చు వేసి అమ్మినవాడు, రంగులద్దినవాడు వేర్వేరు మనుషులు. కింది అంచున లాటిన్‌లో ఒకటి రెండు ముక్కలు ఉంటాయి. పేరు పక్కన ‘డెలినియావిట్’ అని గానీ దాని పొట్టి రూపం గానీ ఉంటే అతను గీసినవాడు. ‘స్కల్ప్‌సిట్’ అంటే చెక్కినవాడు. ‘ఎక్స్‌కూడిట్’ అంటే ప్రచురించినవాడు. డోపెల్‌మేయర్ పటాల మీద హోమన్ వారసుల ఖర్చుతో అని అర్థం వచ్చే లాటిన్ మాట చాలాసార్లు కనిపిస్తుంది. రంగులద్దినవాడి పేరు మాత్రం దాదాపు ఎక్కడా ఉండదు. ఆమ్‌స్టర్‌డామ్‌లో డిర్క్ యాన్స్ వాన్ సాంటెన్ అనే ఒక్కడు ఆ పనితోనే పేరు తెచ్చుకున్నాడు. మిగిలినవాళ్లు మన కలంకారీ పనివాళ్లలాగే పేరు లేకుండా పోయారు.

ఈ చిన్న అక్షరాలే ధరను సగానికి సగం మార్చేస్తాయి. సెలేరియస్ రేకులు యాన్సోనియస్ తర్వాత చేతులు మారి చివరకు పేటర్ షెంక్, గెరార్డ్ వాల్క్ అనే ఇద్దరికి చేరాయి. వాళ్లు 1708లో మళ్లీ అచ్చు వేసేటప్పుడు రేకు మీద తమ పేర్లు చెక్కించుకున్నారు. అందుచేత కింద షెంక్, వాల్క్ పేర్లున్న పటం 1660 నాటిది అయ్యే ప్రశ్నే లేదు. అయినా ‘1660 సెలేరియస్’ అని వీటిని అమ్మకానికి పెట్టినవాళ్లను చూశాను. 1708 ప్రతి చెడ్డదేమీ కాదు, రేకు అదే. 1660 ధర పెట్టకూడదు, అంతే.

బాయర్ విషయంలో పటాన్ని తిరగేయండి. 1603 నాటి మొదటి ముద్రణలో ప్రతి పటం వెనుక ఆ మండలపు నక్షత్రాల పట్టిక అచ్చయి ఉంటుంది. ఆ అక్షరాలు ముందుకు మసకగా కనిపించి పటాన్ని పాడు చేయడంతో తర్వాతి ముద్రణల్లో వెనుక ఖాళీగా వదిలేశారు. వెనుక ఖాళీగా ఉన్న బాయర్ పటాన్ని ‘మొదటి ముద్రణ’ అన్నారంటే, అమ్మేవాడికి తెలియదు, లేదా మీకు తెలియదని అనుకుంటున్నాడు.

ఆకాశం ఎటు తిరిగి ఉందో చూడండి

మాఘమాసం రాత్రి దక్షిణం వైపు ముఖం పెట్టి తల పైకెత్తితే ఒరాయన్ అనే వేటగాడు నడినెత్తికి కాస్త కిందుగా ఉంటాడు. ఎర్రటి ఆరుద్ర అతని పైభాగాన, మీ ఎడమ చేతి వైపు ఉంటుంది. కుడి చేతి వైపు, పైకి చూస్తే మనవాళ్లు పిల్లలకోడి అని పిలిచే కృత్తికల గుంపు.

ఇప్పుడు పటం చూడండి. పిల్లలకోడి ఒరాయన్‌కు కుడి వైపు ఉంటే అది నేల మీద నిలబడి చూసిన ఆకాశం. బాయర్, ఫ్లామ్‌స్టీడ్, బోడె అలాగే గీశారు. ఎడమ వైపు ఉంటే అది అద్దంలో బొమ్మలా తిరగబడినట్టు. తప్పుగా అచ్చయిందని కంగారు పడవద్దు. ఆకాశాన్ని ఒక గాజుగోళం అనుకుని, దాన్ని బయట నుంచి దేవుడిలా చూస్తే ఎలా ఉంటుందో అలా గీసిన పటం అది. హెవేలియస్ అంతా ఆ పద్ధతే. సెలేరియస్ కొన్ని అర్ధగోళాల్లో ఇంకో అడుగు ముందుకు వేసి, నక్షత్రాల తెర వెనుక భూగోళం మీది ఖండాలు కూడా కనిపించేలా చూపించాడు.

దీంతో ఒక లాభం ఉంది. ‘హెవేలియస్ శైలి’ అంటూ అమ్మే ఆధునిక అలంకరణ పటాల్లో కొన్ని బొమ్మలను తిప్పేసి నేలచూపుకు మార్చినవి ఉంటాయి. హెవేలియస్ పేరుతో వచ్చిన పటంలో పిల్లలకోడి కుడి వైపు కనిపిస్తే ఆగి ఆలోచించండి.

కొత్త మండలాలు, ఒక చిన్న లెక్క

పటంలో ఏ మండలాలు ఉన్నాయో చూస్తే అది ఏ కాలం తర్వాత చెక్కినదో తెలుస్తుంది. డాలు, లింక్స్ ఉంటే హెవేలియస్ తర్వాత. దక్షిణాకాశంలో టెలిస్కోపు, మైక్రోస్కోపు, గాలిపంపు, కొలిమి వంటి వర్క్‌షాపు సామాను కనిపిస్తే లకాయ్ అనే ఫ్రెంచి ఖగోళశాస్త్రవేత్త తర్వాత. ఆయన 1751, 1752 సంవత్సరాల్లో కేప్ ఆఫ్ గుడ్ హోప్ దగ్గర కూర్చుని దక్షిణాకాశాన్ని కొలిచి 14 కొత్త మండలాలు కట్టాడు. వేడిగాలి బెలూను, ముద్రణ యంత్రం, విద్యుత్ యంత్రం, పిల్లి ఉంటే బోడె 1801 పటమో, దాన్ని చూసి గీసినదో. ఆ పిల్లి, లలాండ్ అనే ఇంకో ఫ్రెంచి ఖగోళశాస్త్రవేత్త ముచ్చట. ఆయనకు పిల్లులంటే ప్రాణం. 1922లో అంతర్జాతీయ ఖగోళ సంఘం 88 మండలాలతో జాబితా స్థిరపరిచినప్పుడు బెలూను, పిల్లి రెండూ వీధిన పడ్డాయి.

ఇది ‘ఫలానా కాలం తర్వాత’ అని మాత్రమే చెబుతుంది, ‘ముందు’ అని చెప్పదు. 1708 సెలేరియస్‌లో 1660 నాటి ఆకాశమే ఉంది. రేకును కొత్తగా చెక్కించడం ఖర్చు.

రెండో పరీక్ష తెలుగువాళ్లకు చాలా సుళువు, ఎందుకంటే పంచాంగం చూసే ప్రతి ఇంట్లోనూ అయనాంశ అనే మాట వినబడుతుంది. కన్యారాశి చేతిలో ధాన్యపు వెన్ను ఉంటుంది. ఆ వెన్ను మీది నక్షత్రమే మన చిత్త. చిత్రపక్ష అయనాంశ దీన్ని ఆధారం చేసుకునే కడతారు. 2000వ సంవత్సరానికి చిత్త, వసంత విషువత్తు నుంచి కొలిచే సాయన లెక్కలో, తులారాశిలో 23 డిగ్రీల 50 నిమిషాల దగ్గర ఉంది. విషువత్తులు జరగడం వల్ల ఈ అంకె సుమారు 71.6 ఏళ్లకు ఒక డిగ్రీ చొప్పున పెరుగుతూ వస్తుంది.

కాబట్టి కన్యారాశి పటం తీసుకోండి. క్రాంతివృత్తం (ఆకాశంలో సూర్యుడు నడిచే దారి) వెంట డిగ్రీల కొలత ఉందో లేదో చూడండి. ఉంటే చిత్త దగ్గర సన్నటి స్కేలు పెట్టి, అది తులలో ఎన్ని డిగ్రీల దగ్గర ఉందో చదవండి. 19 డిగ్రీల 30 నిమిషాలు వచ్చిందనుకోండి. 23 డిగ్రీల 50 నిమిషాల నుంచి తీసేస్తే 4 డిగ్రీల 20 నిమిషాలు, అంటే 4.33 డిగ్రీలు. దాన్ని 71.6తో గుణిస్తే 310. 2000లోంచి 310 పోతే 1690. అది ఫ్లామ్‌స్టీడ్ తన పట్టికకు ఎంచుకున్న కాలం. బాయర్ పటంలో 18 డిగ్రీల పైచిలుకు వస్తుంది, ఎందుకంటే ఆయన డెన్మార్క్ ఖగోళశాస్త్రవేత్త టైకో బ్రాహే కొలతల మీద ఆధారపడి 1600 నాటి ఆకాశం గీశాడు. బోడెలో 21 డిగ్రీలు దాటుతుంది.

అర డిగ్రీ తప్పు చదివితే 36 ఏళ్లు తేడా వస్తుంది, అది గుర్తుంచుకోండి. పైగా ఈ లెక్క చెప్పేది పటంలోని ఆకాశం ఏ సంవత్సరానిదో మాత్రమే. అచ్చు ఎప్పుడు పడిందన్నది కాగితం, అంచు అక్షరాలు చెప్పాలి. ఫ్లామ్‌స్టీడ్ 1690 ఆకాశం 1729లో అచ్చయింది. అయినా, మూడు వందల ఏళ్ల నాటి కాగితం మీద అయనాంశ లెక్క కట్టి సంవత్సరం రాబట్టినప్పుడు కలిగే సరదా వేరు. కొనకపోయినా ఒకసారి చేసి చూడండి.

ఇప్పుడు రంగు

ఇంతవరకు వచ్చాక, పటం అసలుదని తేలాక, రంగు సంగతి. ఆ కాలంలో పుస్తకం నలుపు తెలుపులో ఒక ధర, రంగులతో ఇంకో ధర. డబ్బున్నవాడు బంగారు పూత కూడా వేయించుకునేవాడు. నలుపు తెలుపులో అమ్ముడైన పటానికి వందేళ్ల తర్వాత గానీ నిన్న గాక మొన్న గానీ ఎవరైనా రంగు వేసి ఉండవచ్చు. వ్యాపారులు ‘సమకాలీన రంగు’ (అచ్చు పడిన కాలంలోనే వేసినది), ‘తర్వాతి రంగు’, ‘ఆధునిక రంగు’ అని మూడు మాటలు వాడతారు. మొదటిదానికి ధర ఎక్కువ.

ముందు ఆకుపచ్చను పట్టుకోండి. పాత ఆకుపచ్చ చాలాసార్లు రాగితో చేసినది. ఇత్తడి, రాగి పాత్రలకు పట్టే చిలుము లాంటిదే. అది ఏళ్ల తరబడి కాగితాన్ని కాలుస్తుంది. పటాన్ని తిరగేస్తే ముందు ఆకుపచ్చ ఉన్న చోట వెనుక గోధుమరంగు నీడ కనిపిస్తుంది. అక్కడ కాగితం పెళుసుగా మారి పగిలిపోయి కూడా ఉండవచ్చు. వెనుక తెల్లగా ఉంటే వేరే ఆకుపచ్చ అయినా కావాలి, కొత్త రంగైనా కావాలి. ఇంకొక గుర్తు, పుస్తకంలో మూసి ఉన్నప్పుడు ఎడమ సగం కుడి సగానికి ఆనుకుని ఉంటుంది. పాత ఆకుపచ్చ ఎదుటి సగం మీద అద్దంలోలా లేత గోధుమ మచ్చ వేస్తుంది. ఇది చేతితో పుట్టించడం కష్టం.

తర్వాత మధ్య మడతను భూతద్దంతో చూడండి. మడత పగుళ్ల లోపలికి రంగు దిగి ఉంటే, మడత పడి పాతబడ్డాక రంగు వేశారు. రంగు కూడా కాగితంతో పాటే పగిలి, లోపల తెల్లగా ఉంటే అది మడత కంటే ముందుది. పాత మరకలు, పురుగు తిన్న కన్నాలు ఉంటే అక్కడా ఇదే న్యాయం. పురుగు కన్నం అంచుకు రంగు అంటి ఉందంటే, పురుగు భోంచేసి వెళ్లాకే కుంచె వచ్చింది.

నీలం గురించి ఒక మాట. పదిహేడో శతాబ్దంలో యూరప్ చిత్రకారుల దగ్గరున్న నీలాల్లో నీలిమందు ఒకటి. మచిలీపట్నం రేవులో డచ్చి కంపెనీ వాళ్లు కోరమాండల్ వస్త్రాలతో పాటు నీలిమందు కూడా ఎత్తేవారు. పద్దెనిమిదో శతాబ్దపు మొదటి పదేళ్లలో బెర్లిన్‌లో ప్రష్యన్ బ్లూ అనే కృత్రిమ నీలం పుట్టింది. 1660 పటం మీద ప్రష్యన్ బ్లూ ఉందని ప్రయోగశాల చెబితే ఆ రంగు తర్వాతిదే. కంటితో చూసి ఆ రెండింటినీ వేరు చేయగలనని ఎవరైనా అంటే నమ్మకండి. నేను ప్రయత్నించి మానుకున్నాను.

మరీ శుభ్రంగా, మరీ తాజాగా, అన్ని చోట్లా ఒకే మందంలో ఉన్న రంగు నాకు నచ్చదు. పాత పనివాడు తుమ్మజిగురు కలిపిన పల్చటి నీటిరంగును ఒక్క ఊపులో పరిచేవాడు. గీత బయటకు కాస్త పొంగినా పట్టించుకునేవాడు కాదు. రోజుకు ఎన్ని పుటలు పూర్తి చేస్తే అంత కూలి. ఆ తొందర కాగితం మీద కనిపిస్తుంది.

మొదటిసారి కొనేవాళ్లకు నా సలహా: కార్డుతో మొదలుపెట్టండి

మంచి సెలేరియస్ పటానికి వేల డాలర్లు కావాలి. ‘యురేనియాస్ మిర్రర్’ విడి కార్డులు అంతకంటే చాలా తక్కువకు దొరుకుతాయి, పైగా అవి నాకు ప్రాణం. 32 కార్డుల పెట్టె, ఒక్కోటి సుమారు 20 × 14 సెంటీమీటర్లు. చెక్కింది సిడ్నీ హాల్. నమూనా అప్పటికి రెండేళ్ల ముందే, 1822లో వచ్చిన అలెగ్జాండర్ జేమీసన్ నక్షత్ర పటాలది. పెట్టె మీద రచయిత పేరు లేదు, ‘ఒక స్త్రీ’ రూపొందించిందని మాత్రం చెప్పుకున్నారు. 170 ఏళ్ల తర్వాత, లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ గ్రంథపాలకుడు పీటర్ హింగ్లీ పాత సభ్యత్వ పత్రాల్లో అసలు మనిషిని పట్టుకున్నాడు. రగ్బీ పాఠశాలలో ఉపాధ్యాయుడు, మతగురువు, రిచర్డ్ రౌజ్ బ్లాక్సమ్. అజ్ఞాతంగా ఎందుకు ఉండిపోయాడో ఆయనకే తెలియాలి.

కార్డును దీపానికి ఎదురుగా పట్టుకోండి. ముఖ్యమైన నక్షత్రాల దగ్గర కన్నాలు పొడిచి ఉంటాయి. ప్రకాశవంతమైన నక్షత్రానికి పెద్ద కన్నం, మసక నక్షత్రానికి చిన్నది. బొమ్మ చీకట్లో కలిసిపోయి, చుక్కలు మాత్రం మెరుస్తాయి. వెనుక సన్నటి పల్చని కాగితం అంటించి ఉంటుంది. అది చిరిగిందా, కొత్తది వేశారా అని చూడండి. కన్నాలు లేకుండా నక్షత్రాలు గీసి మాత్రమే ఉన్న కార్డులు నేడు అలంకరణ కోసం వేసే నకళ్లు అయి ఉండవచ్చు. మొదటి ముద్రణలో ప్రధాన బొమ్మ చుట్టూ పక్క మండలాల నక్షత్రాలు ఉండవు, ఆకాశం ఖాళీగా ఉంటుంది. తర్వాతి ముద్రణలో చుట్టుపక్కల చుక్కలు చేర్చారు.

బేరం, కాగితాలు

అమ్మేవాడిని నాలుగు ప్రశ్నలు అడగండి. ఏ ముద్రణ? రంగు ఏ కాలానిది? ఎక్కడెక్కడ మరమ్మతు చేశారు? అసలు కాదని తేలితే డబ్బు వాపసు ఇస్తారా? సమాధానాలు బిల్లు మీద రాయించుకోండి. నోటి మాటగా ‘చాలా పాతది సార్’ అంటే దానికి విలువ లేదు. వెనుక వైపు ఫొటో పంపనివాళ్లతో నేను బేరమే ఆడను.

విదేశం నుంచి తెప్పించుకుంటే దిగుమతి పత్రాలు, కస్టమ్స్ రసీదు భద్రపరచండి. వందేళ్లు దాటిన వస్తువులను భారతదేశం నుంచి బయటకు పంపడం మీద 1972 నాటి పురావస్తువుల చట్టం ఆంక్షలు పెట్టింది. రేపు అమెరికాలో ఉన్న కొడుకుకు పంపాలనుకున్నప్పుడు ఆ రసీదులు చూపించవలసి రావచ్చు.

ఇంటికి తెచ్చాక

మొట్టమొదట చెప్పవలసింది, ల్యామినేషన్ చేయించకండి. పదో తరగతి మార్కుల జాబితా చేతికి రాగానే ల్యామినేషన్ కొట్టుకు పరుగెత్తే జాతి మనది. పాత పటానికి ఆ వేడి, ఆ ప్లాస్టిక్ తిరిగి బాగు చేయలేని నష్టం. పారదర్శక టేపు కూడా వద్దు, దాని జిగురు కొన్నేళ్లకు గోధుమరంగు పట్టీగా కాగితంలోకి దిగిపోతుంది.

ఫ్రేము కట్టేవాడికి ఆమ్లం లేని అట్ట వాడమని, పటం గాజుకు తగలకుండా మధ్యలో అట్ట చట్రం పెట్టమని చెప్పండి. పటాన్ని అట్టకు పూర్తిగా అంటించకూడదు. జపాను కాగితపు చిన్న పట్టీలు రెండు, గోధుమపిండి గంజితో పైఅంచున అంటిస్తే అక్కడి నుంచి వేలాడుతుంది. అవసరమైతే నీటితో ఊడదీయవచ్చు. చిలుము ఆకుపచ్చ ఉన్న పటాన్ని మాత్రం నీటిలో కడగనివ్వకండి, మరకలు పోగొడతామని ఎవరు చెప్పినా సరే.

విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్లలో వానాకాలం గోడ చెమరుస్తుంది. బయటి గోడకు, వంటగది గోడకు తగిలించవద్దు. ఫ్రేము వెనుక నాలుగు మూలల్లో చిన్న బెండు ముక్కలు అతికిస్తే గోడకూ పటానికీ మధ్య గాలి ఆడుతుంది. వానాకాలంలో పది రోజులకోసారి వెనుక చూడండి, బూజు పట్టినా పురుగు చేరినా వెంటనే తెలుస్తుంది. ఎండ నేరుగా పడే చోటు ఎంత అందంగా ఉన్నా వద్దు. మ్యూజియాలు కాగితం మీద 50 లక్స్ (లక్స్ అంటే వెలుతురు కొలత) మించి వెలుతురు పడనివ్వవు, అది మన హాల్లో సాయంత్రం ఒక చిన్న దీపం వేసినంత. నేను నాలుగు నెలలు గోడ మీద ఉంచి, ఎనిమిది నెలలు సొరుగులో పడుకోబెడతాను. బిల్లు, కొలతలు, వెనుక వైపు ఫొటో, చిత్త దగ్గర చదివిన డిగ్రీల అంకె, అన్నీ ఒక కవరులో పెట్టి అదే సొరుగులో ఉంచుతాను. కవరు మీద పెన్సిలుతో రాయండి, పెన్నుతో కాదు.